గొడ్డలి, ఉలి, సున్నంతో కొత్త కోట: మీ ప్రశ్నలకి జవాబులు

పోయిన సంచికలో ఫ్రాన్స్‌లోని గెడెలాన్ అనే చోట 13వ శతాబ్దపు పద్ధతుల్లో, అప్పటి పనిముట్లతోనే కొత్తగా ఒక కోట కడుతున్నారని చిన్న ఐటెం వేశాం. దానికి చాలా ఉత్తరాలు, మెయిళ్ళు వచ్చాయి, తాపీ పని వాళ్ళు, వడ్రంగులు కూడా రాశారు, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: అసలిది నిజం కోటేనా లేక టూరిస్టుల కోసం వేసిన సెట్టింగా? ఎవరికొచ్చింది ఈ ఆలోచన? (రిటైర్డ్ టీచర్, నల్గొండ)

జవాబు: నిజం కోటేనండి మాస్టారూ, రాయి మీద రాయి పెట్టి కడుతున్నదే, లోపల ఇనుప రాడ్లు, కాంక్రీటు ఏమీ లేవు. దానికి దగ్గర్లోనే సెయింట్ ఫార్జో అని ఒక పాత కోట ఉంది, మిషెల్ గీయో అనే ఆయన దాన్ని కొనుక్కుని బాగు చేయిస్తూ వచ్చాడు. 1995లో నిపుణులు దాన్ని స్టడీ చేస్తే ఇప్పుడు బయటికి కనపడే ఇటుక గోడల లోపల అంతకంటే పాతదైన మధ్యయుగపు రాతి కోట దాగి ఉందని తేలింది. అది తెలిశాక అలాంటి కోటని మళ్ళీ పునాది నుంచి కట్టి చూస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన పట్టుకుంది ఆయనకి, మారిలిన్ మార్టిన్ అనే ఆవిడ కలిసొచ్చింది, 1997లో బర్గండీ ప్రాంతంలో ట్రెన్యీ అనే ఊరి దగ్గర అడవిలో ఉన్న ఒక పాత రాతి క్వారీలో పని మొదలైపోయింది. ఆ చోటే ఎందుకంటే రాయి అక్కడే దొరుకుతుంది, చుట్టూ ఓక్ చెట్లు, ఇసుక, బంకమన్ను, నీళ్ళు అన్నీ అందుబాటులో ఉన్నాయి, ఎడ్లబండ్లు గుర్రబ్బండ్లు తప్ప ఇంకేం లేని కాలంలో రాయి మోసుకొచ్చే ఖర్చే అన్నిటికంటే పెద్ద ఖర్చు కదా.

ఇంకో మంచి పని చేశారు. 1228లో ఒక చిన్న సామంతుడు ఈ కోట మొదలుపెట్టినట్టు ఒక కథ అనుకుని, ఆ తేదీకి కట్టుబడి ఉంటున్నారు. అప్పటికి ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ ఇంకా కుర్రాడు, తల్లి బ్లాన్ష్ రాజ్యం నడుపుతోంది, లూయీ తాత ఫిలిప్ ఆగస్టస్ (1180-1223) కాలంలో కోటలకి ఒక ప్లాన్ స్థిరపడింది, మూలలకి గుండ్రటి బురుజులు, వాటిల్లో ఒకటి మిగతా వాటికంటే పెద్దది, ద్వారానికి అటూ ఇటూ జంట బురుజులు, బాణాలు వేసే సన్నటి సందులు ఒకదాని మీద ఒకటి రాకుండా పక్కకి జరిపి పెట్టడం, చుట్టూ కందకం. గెడెలాన్‌లో అదే ప్లాన్. చిన్న సామంతుడు కాబట్టి ఆర్భాటం కూడా ఆయన స్థాయికి తగ్గట్టే ఉంటుంది, కందకంలో నీళ్ళు కూడా ఉండవు. డిజైన్‌లో డౌట్ వచ్చిన ప్రతిసారీ అదే కాలం నాటి అసలు కోటల్ని వెళ్ళి చూసి, కొలిచి, అందులో ఉన్నదే ఇక్కడ చేస్తారు తప్ప సొంత కల్పన పెట్టరు. సెట్టింగుకీ దీనికీ తేడా అదే.

ప్రశ్న: సిమెంట్ ఒక్క బస్తా కూడా వాడట్లేదా? సున్నంతో అంత ఎత్తు గోడలు నిలబడతాయా? మా సబ్జెక్టులో సున్నం గురించి ఒక్క పేజీ మాత్రమే ఉంది. (సివిల్ ఇంజినీరింగ్ స్టూడెంట్, కాకినాడ)

జవాబు: వాడట్లేదు బాబూ. పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటే 1824లో వచ్చింది, ఈ లోకంలో వందల ఏళ్ళుగా నిలబడ్డ కోటలు, చర్చిలు, గుళ్ళు, మసీదులు ఎన్ని సిమెంట్ పుట్టకముందు కట్టినవో ఒక్కసారి ఆలోచించు.

సున్నం సంగతి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే మీ పుస్తకంలో ఆ ఒక్క పేజీ ఏం సరిపోదు. సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది, దానికి నీళ్ళు తగిలితే కుతకుతా ఉడికి మెత్తని ముద్దవుతుంది, అందులో ఇసుక కలిపి గోడలో పెడితే అది గాల్లోంచి పోయిన కార్బన్ డయాక్సైడ్‌నే మళ్ళీ మెల్లగా పీల్చుకుని తిరిగి సున్నపురాయి అయిపోతుంది. మెల్లగా అంటే నిజంగానే మెల్లగా, గోడ పైపొర వారాల్లో గట్టిపడినా లోపలి భాగానికి ఏళ్ళు పడుతుంది. అందుకే పాత మేస్త్రీలు తొందరపడేవాళ్ళు కాదు, ఒక వరస కట్టి దానికి టైమిచ్చి తర్వాతి వరస ఎత్తేవాళ్ళు, గెడెలాన్‌లో కూడా అంతే. చలికాలంలో అసలు పనే చేయరు, తడి సున్నంలో నీళ్ళు గడ్డకడితే అది పగిలి పొడైపోతుంది, అప్పట్లో అయితే కట్టిన గోడల తలల మీద గడ్డి కప్పి వసంతం దాకా వదిలేసేవాళ్ళు.

ఇంకోటి, ఆ గోడలు మొత్తం చెక్కిన రాయి కాదు. లోపలా బయటా చక్కగా పేర్చిన రెండు రాతి ముఖాలు ఉంటాయి, మధ్యలో చిన్నా పెద్దా రాతి ముక్కలు సున్నంలో వేసి కూరతారు. అంత మందం గోడ ఎండలకీ వానలకీ కొద్దిగా అటూ ఇటూ కదులుతుంది, సున్నం ఆ కదలికకి సర్దుకుంటుంది, సిమెంట్ సర్దుకోదు. పాత రాతి గోడకి సిమెంట్ పూస్తే లోపలి తేమ బయటికి రాలేక రాయిలోనే ఉప్పు పేరుకుని, రాయి పొరలు పొరలుగా ఊడుతుంది. మన ఊళ్ళల్లో పాత గుళ్ళకి జీర్ణోద్ధరణ పేరుతో సిమెంట్ పూసి, దాని మీద ఆయిల్ పెయింట్ కొడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది, చేసే వాళ్ళు భక్తితోనే చేస్తారు, కానీ జరిగేది గుడికి నష్టం.

ప్రశ్న: క్రేన్ లేకుండా అంత పైకి రాళ్ళెలా ఎక్కిస్తున్నారు? (పాఠకురాలు, విజయనగరం)

జవాబు: క్రేన్ ఉందమ్మా, కరెంటు, డీజిల్ లేని క్రేన్. మనిషి లోపల నిలబడి నడవగలిగేంత పెద్ద చెక్క చక్రం, దాని ఇరుసుకి మోకు చుట్టుకుని ఉంటుంది, లోపల మనిషి అడుగులు వేస్తుంటే చక్రం తిరిగి మోకు చుట్టుకుంటుంది, బరువు పైకి లేస్తుంది. ఇలాంటివే రెండు చక్రాలు పక్కపక్కన పెట్టిన యంత్రంతో ఇద్దరు మనుషులు దగ్గరదగ్గర అర టన్ను లేపగలరు. లోపల నడిచేవాళ్ళకి బరువు ఎక్కడుందో సరిగా కనపడదు కాబట్టి బయట ఒకరు నిలబడి ఆపు, నడువు అని చెప్తూనే ఉండాలి. గోడ ఎత్తు పెరిగే కొద్దీ ఆ యంత్రాన్ని విప్పి పైకి ఎక్కించుకుంటూ పోతారు. చిన్న రాళ్ళు, సున్నం మాత్రం గంపల్లో, తట్టల్లో మామూలుగానే వెళ్తాయి.

పాత కోట గోడల మీద వరసగా చదరపు బొక్కలు ఉంటాయి చూశారా, చాలామంది అవి బాణాల కోసమో పావురాల కోసమో అనుకుంటారు. పరంజా కర్రలు దూర్చిన బొక్కలు అవి. కింద నుంచి పొడుగు కర్రలు పాతకుండా గోడలోంచే కర్రలు బయటికి పెట్టి, దాని మీద పలకలు పరుచుకుని నిలబడి కట్టేవాళ్ళు, పని అయ్యాక కర్ర లాగేస్తే బొక్క మిగిలిపోతుంది.

ప్రశ్న: రెండేళ్ళలో అయ్యే పనికి ముప్పై ఏళ్ళు పెట్టడం టైమ్ వేస్టు, మనీ వేస్టు కాదా? ఆ డబ్బుతో ఉన్న పాత కోటల్ని బాగు చేయొచ్చుగా. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: మీ ప్రశ్నలో రెండో భాగం చాలా మంచిది, అందుకే దానికి ముందు చెప్తా. ఉన్న పాత కోటల్ని బాగు చేయాలంటే అవి ఎలా కట్టారో తెలిసిన చేతులు కావాలి, ఆ చేతులు ఎక్కడ తయారవుతాయి? పుస్తకాల్లో డ్రాయింగులు ఉన్నాయి, తవ్వకాల్లో దొరికిన పనిముట్లు ఉన్నాయి, కానీ ఒక బురుజు మీద రాతి కప్పు వేయడానికి కింద చెక్క సెంట్రింగ్ ఎంత గట్టిగా ఉండాలి, దాన్ని ఎప్పుడు తీయాలి, తీసేటప్పుడు రాళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుని ఎలా సర్దుకుంటాయి, ఇవన్నీ చేసి చూస్తే తప్ప తెలియవు. ఈ రాయిలో ఇనుము పాలు ఉండి ఉలి మొన తొందరగా అరిగిపోతుంది కాబట్టి క్వారీ పక్కనే కమ్మరి కొలిమి పెట్టుకుని రోజూ మొనలు సాగగొడుతూ ఉండాల్సిందే. అంటే కోట లెక్కలో తాపీ మేస్త్రీలతో పాటు కమ్మరి, బొగ్గు, ఇనుము, మోకులు పేనేవాడు, గంపలు అల్లేవాడు, పెంకులు కాల్చేవాడు అందరూ ఉన్నారన్నమాట. చరిత్ర పుస్తకంలో ఫలానా రాజు కోట కట్టించెను అని ఒక్క లైను చదివి వదిలేస్తాం, ఆ లైను వెనక ఇంత మంది ఉన్నారని ఒళ్ళు వంచి చేసినప్పుడే అర్థమవుతుంది. ప్రయోగాత్మక పురావస్తు శాస్త్రం అంటే ఇదే, నా దృష్టిలో దీని విలువ కోట పూర్తవడంలో కంటే కట్టడంలోనే ఎక్కువ ఉంది.

ఇక టైమ్ సంగతి. అప్పట్లో కోటలకి ఇంత టైమ్ పట్టేది కాదు, ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్ నార్మండీలో గయ్యార్ కోటని 1196 నుంచి 1198 లోపే చాలావరకు లేపేశాడు. తేడా మనుషుల దగ్గరుంది. వేల్స్‌లో బోమారిస్ కోట కడుతున్నప్పుడు 1296లో అక్కడి పెద్ద మేస్త్రీ రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది, అందులో 400 మంది తాపీ వాళ్ళు, 2,000 మంది కూలీలు, 200 మంది క్వారీ వాళ్ళు, 30 మంది కమ్మర్లు అని లెక్క రాశాడు. గెడెలాన్‌లో పని చేసేది కొన్ని పదుల మందే, అది కూడా ఏడాదిలో కొన్ని నెలలే, పైగా పని మధ్యలో ఆపి వచ్చిన జనానికి ఏం చేస్తున్నారో చెప్పడం కూడా వాళ్ళ డ్యూటీలోనే ఉంది.

డబ్బు మాటకొస్తే మొదట్లో ప్రభుత్వ సాయం తీసుకున్నారు, 2000 నుంచి మాత్రం సందర్శకుల టికెట్ల డబ్బుతోనే నడుస్తోంది, ఏడాదికి 3 లక్షల మంది దాకా వస్తున్నారు. ఎవరి డబ్బూ వేస్టు కాలేదు సార్.

ప్రశ్న: ఆ కాలంలో ఇలాంటి కోటలన్నీ వెట్టిచాకిరీతో కట్టించినవే కదా, దాన్ని ఇప్పుడు గొప్పగా చూపించడం సరైనదేనా? (పాఠకుడు, అనంతపురం)

జవాబు: బలవంతంగా పనికి తోలుకొచ్చిన సందర్భాలు ఉన్నాయి, కాదనను. కానీ పైన చెప్పిన బోమారిస్ ఉత్తరమే చూడండి, అది రాసిందే డబ్బులు పంపమని, పని వాళ్ళకి కూలి బాకీ పడ్డాం, బతకడానికి చేతిలో ఏం లేక వాళ్ళు వెళ్ళిపోకుండా ఆపడం కష్టంగా ఉందని అందులో మొర పెట్టుకున్నాడు. అంటే కూలి ఉంది, అది టైముకి రాకపోవడమూ ఉంది. ఆ కోట చివరికి పూర్తి కానే లేదు. రాళ్ళు చెక్కేవాళ్ళు చాలాచోట్ల తాము చెక్కిన రాయి మీద తమ గుర్తు వేసుకునేవాళ్ళు, ఎవరు ఎన్ని చెక్కారో లెక్క తేలడానికి. కోట అంటే రాజు పేరు ఒక్కటే చెప్పుకునే అలవాటు పోవాలంటే ఆ పనిని, ఆ పని వాళ్ళని కళ్ళకి కట్టినట్టు చూపించాలి, గెడెలాన్ చేస్తున్నది అదే అని నేను అనుకుంటున్నా.

ప్రశ్న: ఇంచి టేపు, రసమట్టం లేకుండా మూలలు కరెక్టుగా ఎలా వస్తాయి? (తాపీ మేస్త్రీ, తణుకు)

జవాబు: మేస్త్రీ గారూ, ఒక తాడు చాలు. సమాన దూరంలో 13 ముడులు వేసిన తాడు, ముడుల మధ్య 12 ఖాళీలు వస్తాయి. దాన్ని 3, 4, 5 ఖాళీల భుజాలతో త్రిభుజంగా లాగి పట్టుకుంటే 3కీ 4కీ మధ్య మూల నికరంగా తొంభై డిగ్రీలు. మీరు పునాది మార్కింగ్‌కి మూడు నాలుగు ఐదు లెక్క వేస్తారు కదా, అదే ఇది. అదే తాడు ఒక చివర మేకుకి కట్టి తిప్పితే బురుజుకి గుండ్రం వచ్చేస్తుంది. నిలువుకి దారానికి కట్టిన గుండు, మట్టానికి చెక్క త్రిభుజం మధ్యలోంచి వేలాడే గుండు. కొలతలేమో జాన, మూర, అడుగు లాంటివే, సైట్‌లో అందరూ ఒకటే కొలకర్ర వాడితే తేడా రాదు.

ప్రశ్న: హెల్మెట్లు పెట్టుకుంటున్నారు, ఫోటోలో చూశాను. అప్పట్లో ఉన్నాయా? (పదో తరగతి విద్యార్థిని, సిరిసిల్ల)

జవాబు: లేవు తల్లీ, బాగా గమనించావు. ప్రాణాల విషయంలో మాత్రం ఈ కాలపు చట్టమే పాటిస్తారు, హెల్మెట్, బూట్లు, కళ్ళద్దాలు, చక్రానికి బ్రేకులు. అది పాటించాల్సిందే.

ప్రశ్న: మాది తరతరాలుగా వడ్రంగం చేసే కుటుంబం. గొడ్డలితో చెక్కిన దూలానికీ మిల్లులో కోసిన దానికీ నిజంగా తేడా ఉంటుందా? ఇప్పుడు ఆ పని ఎవరికి కావాలి? (పాఠకుడు, పెద్దాపురం)

జవాబు: తేడా ఉంటుందండి. మిల్లు రంపం గీత ఎటు పెడితే అటు కోసుకుంటూ పోతుంది, మాను వంకర ఎటున్నా దానికి పట్టదు, నారలు మధ్యలో తెగిపోతాయి. గొడ్డలితో చెక్కేవాడు మాను ఎలా పెరిగిందో చూసుకుని దాని వెంటే పోతాడు, నార ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా ఉంటుంది, బరువు మోసేది ఆ నారే కదా. గెడెలాన్‌లో ఓక్ దుంగల్ని పచ్చిగా ఉన్నప్పుడే చెక్కుతారు, ఎండితే ఉక్కులా అయిపోతుంది.

ఎవరికి కావాలని అడిగారు. 2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోత్రదామ్ చర్చి పైకప్పు మంటల్లో పోయింది, 13వ శతాబ్దపు ఓక్ దూలాల అడవి లాంటి కట్టు అది, మొత్తం బూడిదైంది. ఉక్కుతో కట్టాలా కాంక్రీటుతో కట్టాలా అని పెద్ద చర్చే జరిగింది, చివరికి పాత పద్ధతిలోనే ఓక్‌తో, గొడ్డలితో చెక్కిన దూలాలతో కట్టాలని తేల్చారు. అప్పుడు దేశంలో ఆ పని తెలిసినవాళ్ళు ఎవరని వెతికితే గెడెలాన్‌లో పని నేర్చుకున్న వడ్రంగులు కూడా ముందుకొచ్చారు, ఆ చర్చి పనిలో వాళ్ళ చేయి కూడా ఉంది. 2024 డిసెంబర్‌లో చర్చి మళ్ళీ తెరుచుకుంది. 1997లో అడవిలో కోట మొదలెట్టినప్పుడు ఈ అవసరం వస్తుందని ఎవరికీ తెలీదు, మీ ఇంట్లో బాడిస, గొడ్డలి ఉంటే మీ పిల్లల చేత కూడా పట్టించండి.

ప్రశ్న: అదే 1228 ప్రాంతంలో మన దగ్గర ఏం కడుతున్నారు? (పాఠకురాలు, హన్మకొండ)

జవాబు: మీ ఊళ్ళో కూర్చుని అడిగే ప్రశ్నేనా అమ్మా ఇది! అప్పుడు కాకతీయ గణపతిదేవుడి పాలన, 1199 నుంచి 1262 దాకా. రామప్ప గుడి 1213 నాటిది, అంటే గెడెలాన్ కథలో కోట మొదలవ్వడానికి 15 ఏళ్ళ ముందే ఇక్కడ ఇసుక నింపిన పునాది మీద అంత గుడి లేచింది. ఓరుగల్లు రాతి కోట గోడ గణపతిదేవుడు మొదలెట్టి రుద్రమదేవి పూర్తి చేయించిందే. అక్కడ గోడల్లో పెద్ద పెద్ద గ్రానైటు దిమ్మెల్ని సున్నం లేకుండానే ఒకదానికొకటి అతికేలా చెక్కి పేర్చారు. వాళ్ళది ఇనుము పాలున్న ఇసుకరాయి జాతి, మనది గట్టి నల్లరాయి, పద్ధతులు వేరవడానికి అదో కారణం. కానీ రాయి చీల్చే విధానం మాత్రం ఒకటే, వరసగా గుంటలు తొలిచి మేకులు పెట్టి ఒక్కో దాని మీద సుత్తి వేస్తూ పోతే రాయి గీత వెంట విడిపోతుంది, మన వడ్డెరల్ని అడగండి, సుత్తి దెబ్బ శబ్దం మారడం విని రాయి ఎప్పుడు విడుతుందో చెప్పేస్తారు.

ప్రశ్న: మా నాన్నకి గానుగ సున్నం పని తెలుసు, ఆ పని లేక ఇప్పుడు టైల్స్ వేస్తున్నాడు. నేను ఆర్కిటెక్చర్ చదువుతున్నా. ఆయన దగ్గర ఇది నేర్చుకుంటే నాకు ఉపయోగం ఉంటుందా? (విద్యార్థిని, కర్నూలు)

జవాబు: ఈ ఉత్తరం కోసమైనా ఈ కాలమ్ రాయాలనిపించింది. తప్పకుండా నేర్చుకో అమ్మా, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టు. హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు 2013 నుంచి చేసిన పనిలో, పాత రిపేర్లలో పూసిన సిమెంటుని తీసేసి మళ్ళీ సున్నపు పూత వేశారు, ఆ పనికి సున్నం తెలిసిన మేస్త్రీలే కావాల్సొచ్చింది. రేపు ఇలాంటి పనులు పెరిగితే డ్రాయింగ్ గీసేవాళ్ళు దొరుకుతారు, సున్నం ఎన్ని రోజులు నానాలి, కరక్కాయ నీళ్ళు ఎంత పోయాలి, బెల్లం ఎంత, గానుగలో ఎప్పటిదాకా తిరగాలి అని చేత్తో ముట్టుకుని చెప్పేవాళ్ళు దొరకరు. నువ్వు రెండూ తెలిసినదానివవుతావు. నాన్న చెప్పింది చెప్పినట్టు రాసుకో, వీడియో తీసుకో, ఆయన కొలత దోసిట్లో చెప్తే ఆ దోసెడుని తూకం వేసి పక్కన రాసుకో. ఇంట్లో చోటుంటే ఒక చిన్న గోడ ఆయన చేత కట్టించి, ఆ పక్కన నువ్వొకటి కట్టు.

ప్రశ్న: మేము జర్మనీలో ఉంటాం, సమ్మర్‌లో పిల్లల్ని తీసుకెళ్దాం అనుకుంటున్నాం. ఎలా వెళ్ళాలి? (పాఠకుడు, స్టుట్‌గార్ట్)

జవాబు: పారిస్ నుంచి కార్లో రెండు గంటల ప్రయాణం, దాదాపు అంతా దక్షిణం వైపే. అడవిలో ఉంది కాబట్టి కారుంటేనే సుఖం. చలికాలం మూసేస్తారు, సీజన్‌లో కూడా కొన్ని రోజులు సెలవుంటుంది కాబట్టి వెళ్ళేముందు వాళ్ళ క్యాలెండర్ చూసుకోండి. ఒక పూట సరిపోదు, రోజంతా పెట్టుకోండి, పిల్లల్ని కొలిమి దగ్గర, పెంకుల బట్టీ దగ్గర ఎక్కువసేపు ఉండనివ్వండి, పని చేసేవాళ్ళు ఏం అడిగినా చెప్తారు. అంత దూరం కుదరకపోతే మీకు దగ్గర్లోనే మెస్‌కిర్ష్ అనే ఊరి దగ్గర కాంపస్ గల్లి ఉంది, అక్కడ 2013 నుంచి 9వ శతాబ్దపు ప్లాన్ ఆధారంగా ఒక మఠం కడుతున్నారు, ఎక్కువగా చెక్క పని. అక్కడ వాన పడితే బురద బాగా ఉంటుంది, పిల్లలకి బూట్లు వేయండి.